మూలమట్టానికి రాని బండ

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్‌లో పదాల ఆట ఆడుతూ, అబ్నార్మిటీ అంటే ఏమవ్వా అని అడిగింది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నోరు ఊరుకుంటుందా! క్రమం తప్పడమనీ, ఒంట్లోని వైకల్యానికీ మనిషి వింత నడతకూ వాడేవారనీ, అబ్నార్మాలిటీ అనే మాట వచ్చి దీన్ని వెనక్కి నెట్టేసిందనీ, ఇప్పుడు పాత వైద్య గ్రంథాల్లో తప్ప పెద్దగా కనబడదనీ ఉత్సాహంగా చెప్పుకొచ్చి, దాని పుట్టుక దగ్గర ఆగిపోయాను. లాటిన్‌లో నార్మా అంటే మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసే మూలమట్టం, అబ్ అంటే దానికి ఎడంగా. మూలమట్టం మా నాయన బతుకంతా చేత పట్టుకున్న పనిముట్టు.

నాయన బేతంచెర్లలో బండలు పరిచే బేల్దారి. నాలుగు మూలలూ మట్టానికి వస్తే తప్ప బండను నేలకు దించని ఆ మనిషి, సొంత ఇంట్లో వంటగది గడప దగ్గర మాత్రం ఒక వంకర బండ పరిచాడు. దాని అంచున చింతాకు రెమ్మలాంటి మచ్చ ఉండేది. మూల సరిచేస్తే రెమ్మ తెగిపోతుంది. అమ్మ అడ్డం నిలబడి, "శానా బాగుండాది, కొయ్యద్దు" అంది. నాయన ఉలి పక్కన పెట్టేశాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని తోటి బేల్దార్లు ఎగతాళి చేస్తే, "మా ఇంటామె ముందర యా మూలమట్టమూ పనికిరాదప్పా" అని నవ్వేవాడు. అమ్మ ఆ బండ మీదే కాళ్లు చాపుకుని చెనిక్కాయలు వలిచేది, ఆమెకు కాలు తగలకుండా నాయనా నేనూ ఒద్దికగా పక్కకు తిరిగి పోయేవాళ్లం.

ఒక్కతే కూతురిని కనుక ఆ ఇల్లు నాకే వచ్చింది. పోయిన వేసవిలో మా అబ్బాయి టైల్స్ వేయించాడు. ఆ ఒక్క బండనూ ఉండనియ్యమని బతిమాలాను. ఎత్తుపల్లాలకు తట్టుకుని పడతానని వాడి భయం, అదీ నిజమే. పాపం, పగలకుండా తీయించి పెరటి గోడకు ఆనించాడు. రెమ్మ చెక్కుచెదరలేదు. ఎండకూ వానకూ అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ మూలా వంకర లేదు. నున్నటి నేల మీద ఎవరూ దేన్నీ తప్పుకుని నడవక్కర్లేదు. నేను మాత్రం వంటగదిలోకి పోయే ప్రతిసారీ ఆ గడప దగ్గర కొంచెం పక్కకు తిరుగుతాను, అమ్మకు కాలు తగులుతుందేమోనని.