గోడ మీద అలకని జాగా

1958 మార్చి మూడు, సోమవారం, పొద్దున ఏడున్నర. బడికి బయలుదేరుతుంటే మా ఇంటి వీధిగోడ మీద బొగ్గుతో అక్క పేరు, పక్కన ఒక బూతుమాట కనిపించాయి. అక్కకు పదమూడేళ్లు, ఐదో తరగతి. నాకు తొమ్మిది, మూడో తరగతి. కేతేపల్లి అవతల మా ఊళ్లో గొర్ల కాపరుల ఇండ్ల నుంచి బడికి పోయే ఆడపిల్లలం మేమిద్దరమే.

ఊళ్లో బడిపిల్లలు కాక రాయడం వచ్చినవాళ్లు పదకొండు మంది. ఆ గుండ్రని చేతిరాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు కొడుకుదని అందరికీ తెలుసు. ఒక్కరూ వాడి పేరు పైకి అనలేదు.

మా వైపు ఇంటిగోడ అలకడం ఆడపిల్ల పని. అమ్మ ఎర్రమన్ను, పేడ కలిపి అక్క ముందు పెట్టింది.

"మంది సూడకముందే అలికెయ్యి. ఇగ బడి గిడి బందు."

ఎదురింటి అవ్వ అరుగు మీద నుంచే అంది. "పండ్లు కనవడంగ నవ్వకుంటె ఆ పిలగాడెందుకు రాస్తడే?"

"మేకపిల్ల గంతులేస్తె నవ్విన అవ్వా. రాసింది మేక గాదు గద."

అమ్మ అక్కను చెంప మీద కొట్టింది. అక్క ఏడవలేదు. గుడ్డ ముంచి మూల నుంచి అలకడం మొదలుపెట్టింది. పన్నెండు మూరల గోడ. ఆ రాత దగ్గరికి వచ్చి, దాని చుట్టూ అంచు తీర్చి, అంత జాగా అట్లనే వదిలి చేతులు కడుక్కుంది.

"మరి అది?" అంది అమ్మ.

"రాసినోళ్లు తుడుస్తరు."

అమ్మ మట్టిలో చెయ్యి ముంచింది. మళ్లీ తీసి కడిగేసుకుంది. ఎందుకో ఎన్నడూ చెప్పలేదు. తడి ఎరుపు నడుమ ఆ నల్లటి అక్షరాలు వీధి చివరి దాకా కనిపించాయి. అక్క తీర్చిన ఆ అంచు ఎంత తిన్నగా ఉందో ఈరోజుకీ చెప్పగలను.

మూడు రోజులు బండ్లవాళ్లు ఆగి అడిగారు. "గా జాగెందుకు ఇడిచిన్రు?" అక్క అదే జవాబు చెప్పింది. గురువారం మధ్యాహ్నం, మా వీధిలో ఎన్నడూ కాలు పెట్టని పటేలు భార్య తడిగుడ్డతో నడిచి వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా తుడిచి వెళ్లిపోయింది. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. అవ్వ కూడా.

అయినా అక్కను బడికి పంపలేదు. ఎదురు మాట్లాడే పిల్ల అని వైశాఖంలోనే కొల్లాపూర్ దిక్కు పెండ్లి చేశారు. రాసినవాడు పైచదువుకు పోయాడు.

అక్క చదువు పూర్తిగా పోయింది. నన్నూ మాన్పించి, మళ్లీ రెండేళ్లకు గానీ పంపలేదు. ఊరి బడిలో మాతో కలిపి నలుగురు ఆడపిల్లలుండేవాళ్లం. తమ పిల్లల పేర్లూ గోడలెక్కుతాయని మిగతా ఇద్దరినీ ఇండ్లలో మాన్పించారు. జూన్‌లో బడి తెరిచేసరికి ఒక్కరూ లేరు.