రంగు పోని చీర

మా మరిది పెళ్లిచూపులకు సూరత్ నుంచి బార్డోలీ వెళ్లాం. ఒక కంపెనీ బ్లాగులో ‘తడిసినా రంగు పోదు’ అని చదివి కొన్న ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. బస్సు దిగగానే వాన. తడుస్తూనే వాళ్లింటికి చేరాం. గుమ్మంలోనే పిల్ల తల్లి నన్ను ఆప్యాయంగా కౌగిలించుకుంది. ఆమె గంధం రంగు చీర నిండా పచ్చ మరకలే!

సిగ్గుతో చచ్చిపోయాను. “రంగు పోదని బ్లాగుల రాసిండ్రమ్మా!” అన్నాను.

మరిది మెల్లగా, “గది రాసింది నేనే వదినా. గా కంపెనీల నా పని గదే. చీర సూడలే, ఫోటో సూసి రాసిన” అన్నాడు.

సంబంధం పోయిందనుకున్నాను. అంతలో పిల్ల, “మరి మీ బయోడేటా ఎవరు రాసిండ్రు?” అంది.

“గదీ నేనే.”

ఇల్లంతా ఒకటే నవ్వులు. సంబంధం కుదిరింది, కానీ పిల్ల తండ్రి మా గల్లీకొచ్చి మరిది గురించి పదిమందిని అడిగాకే! ఇప్పుడు చీర కొనేముందు నేనూ అదే చేస్తున్నాను.