పుల్ల పీకిన రాకెట్టు

నా ఉద్యోగానికి నేనే వత్తి అంటించి గాల్లోకి వదిలిన కథ ఇది. మీరు నవ్వుకోండి, పర్లేదు.

మాధవరంలో ఒక చిన్న ప్రైవేటు బడి. అందులో నేను టెంపరరీ సైన్సు టీచర్ని. ఎగ్జిబిషన్ బాగా చేస్తే పర్మనెంట్ చేస్తామని బడి యజమాని, అదే మా కరస్పాండెంట్ గారు, మాటిచ్చినారు. నేను ఆగుతానా? అయిపోయిందనే ఇంట్లో చెప్పేసినా. మా అమ్మ వీధంతా మైసూర్‌పాకు పంచేసింది.

ఎగ్జిబిషన్లో నాకిచ్చిన అంశం రాకెట్ల చరిత్ర. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చార్టు మీదికి దించేసినా. చేతికి ఎక్కింది గానీ బుర్రకి ఒక్క ముక్క ఎక్కలేదు. చివర్లో దీపావళి రాకెట్టు ఒకటి వదిలి చప్పట్లు కొట్టించుకోవాలని నా ఆశ.

ఎగ్జిబిషన్ రోజు నీళ్ళ బకెట్టు తెచ్చిన ఆయా కాంతమ్మ నా చేతిలో రాకెట్టు చూసి ఆగింది.

"ఏం టీచరమ్మా, పుల్ల పీకేస్తుండారే?"

"శ్రీహరికోట రాకెట్టుకి పుల్ల ఉంటుందా కాంతమ్మా? టీవీలో చూళ్ళేదా?"

"అది వేరే, ఇది వేరే మా. చిన్నప్పట్నుంచీ చూస్తుండా..."

"సైన్సు టీచరు నువ్వా, నేనా?"

ఆమె బకెట్టు ఎత్తుకొని దూరంగా పోయి నిలబడింది. అంత దూరం ఎందుకు పోయిందో నేను అప్పుడైనా ఆలోచించాల్సింది.

తెల్ల పంచెలో కరస్పాండెంట్ గారు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. రాకెట్టుని సీసా మూతి మీద నిలబెట్టి, వత్తి అంటించి, చార్టు వైపు తిరిగి గొంతెత్తినా.

"మైసూరు సైన్యం ఇనుప గొట్టాల్లో మందు కూరి ఇంగ్లీషువాళ్ళ మీదికి వదిలేది. రాకెట్టు అడ్డదిడ్డంగా తిరక్కుండా ఉండాలని దానికి పొడుగాటి వెదురు కర్ర..."

నా మాట నాకే అప్పుడు వినబడింది. కర్ర! తిరక్కుండా ఉండాలని!

"సార్, లేయండి!"

"ఎందుకమ్మా? బాగా చెప్తుండావు, కానియ్యి."

రాకెట్టు పైకి పోలేదు. పక్కకి దూకింది. పిచ్చెక్కిన కోడి మాదిరి నేల మీద గింగిరాలు తిరిగి, పక్క స్టాల్లో అట్టముక్కల అగ్నిపర్వతాన్ని కూల్చి, నేరుగా వచ్చి సార్ పంచె అంచులో దూరి బుస్సుమంది. ఆ ఇంగ్లీషువాళ్ళు ఎట్లా పరిగెత్తి ఉంటారో బడి మొత్తానికీ అర్థమైంది. కాంతమ్మ ఉరికొచ్చి బకెట్టు నీళ్ళు ఆయన మీద కుమ్మరించింది. దేవుడి దయ, ఆయన ఒంటికేమీ కాలేదు. పంచె మాత్రం మోకాలి దాకా లేదు.

నాకు ఏడుపు ఆగలేదు. వీధి వీధంతా తినేసిన మైసూర్‌పాకుని వెనక్కి ఎట్లా తెచ్చేది?

నీళ్ళు కారుతుండగా ఆయన చాలా నెమ్మదిగా అడిగినారు. "ఏమ్మా, అసలీ రాకెట్టుని మొట్టమొదట కనిపెట్టింది ఎవురు?"

పరీక్ష పెడుతుండారు! ఇంకా ఆశ ఉంది! కళ్ళు తుడుచుకొని ఠక్కున చెప్పినా. "చైనా వాళ్ళు సార్!"

"సరి. ఆడికే పోయి ఉద్యోగం అడుక్కో పో."

ఆ సాయంత్రం మాధవరం బస్టాండులో, చుట్టూ ఉన్న జనం సాక్షిగా, చార్టు చుట్ట గుండెకి హత్తుకొని ప్రమాణం చేసినా. ఈ జన్మలో నేను రాసింది నేను చదవకుండా అగ్గిపుల్ల గీయను.