ఎర్రయ్య రాళ్ళు ఉన్న డిస్కు

2016 మే నెలాఖరు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గరగా, ఒక మందుల షాపు పైన నా దుకాణం. బోర్డు మీద కంప్యూటర్ సర్వీస్ అని రాయించాను గానీ, అప్పటికి పదిహేనేళ్ళుగా నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా చచ్చిన హార్డ్ డిస్కులే. పోయిన డేటా బయటికి తీయడంలో నాకు చేయి తిరిగిందని ఊళ్ళో పేరు. ఆ పేరు కాస్త తలకెక్కిందన్న మాట కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు చెప్పబోయే కేసు దాన్ని బాగానే దించింది.

ఒక పొద్దున్న ఒకావిడ పాత సీపీయూని తువ్వాల్లో చుట్టి, చంకనెత్తుకున్న పిల్లలా పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. పేరు రాజ్యలక్ష్మి. పుట్టిల్లు రాజాం. కళింగపట్నం దాటాక వచ్చే ఒక మత్స్యకారుల పల్లెలో పన్నెండేళ్ళుగా బడిపంతులమ్మ.

"ఇందులో ముఖ్యంగా ఏం కావాలమ్మా?" అని అడిగాను. ఎవరినైనా ముందు అదే అడుగుతాను.

"రాళ్ళు సార్."

పరాచికం అనుకున్నాను. ఆవిడ ముఖం చూస్తే అలా లేదు.

విషయం ఏమిటంటే, వాళ్ళ పల్లెకి ఎదురుగా సముద్రం అడుగున రాళ్ళున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు. అత్తరాయి, కోడలు రాయి, పీతల రాయి, ముక్కులేని రాయి, ఇలా అరవై మూడు. రాయి పక్కన చేప బాగా ఉంటుంది. రాయి మీద పడితే వల చీలికలు పేలికలు. అంచేత ఏ రాయి ఎక్కడుందో అంగుళాల్లో తెలియాలి. అంతా తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే మిగిలాడు, ఎర్రయ్య అనే ముసలాయన. ఒడ్డు మీది చెట్లూ మేడలూ గుర్తు పెట్టుకుని రాయి పట్టేవాడు. టీచరు ఆరేళ్ళపాటు సెలవు రోజుల్లో ఆయనతో ఇంజను తెప్ప ఎక్కి, ఒక్కో రాయి మీదా ఆగి, అరువు తెచ్చుకున్న జీపీఎస్ పెట్టెతో స్థానం రాసుకుని, ఆయన చెప్పే మాటలు రికార్డు చేశారు. నోటుబుక్కులు తుఫానులో నానిపోయాయి. అప్పటికే ఎక్కించి ఉండబట్టి కంప్యూటర్లోవి బతికాయి. ఎర్రయ్యకి చూపు పోయింది, మోకాళ్ళు పట్టేశాయి. ఆయన మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళే మాట లేదు.

"వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది సార్. ఈసారి మా ఊరి పడవలన్నింటికీ జీపీఎస్‌లు వచ్చాయి. వాటిలో ఈ రాళ్ళు ఎక్కించి పంపుతానని అందరికీ మాటిచ్చాను. తాతకి కూడా" అన్నారావిడ.

"రేపు సాయంత్రం ఫోన్ చేయండి" అన్నాను. కాలు మీద కాలేసుకుని మరీ అన్నాను.

ఆ కంప్యూటరు టీచరుగారి తమ్ముడు ఇచ్చింది. అతను రాజాంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ల్యాబ్‌లో తీసేసిన లినక్స్ మెషీను, లోపల రెండు డిస్కులు. వాటిని లాజికల్ వాల్యూమ్ పద్ధతిలో కలిపారు. అంటే డిస్కులన్నింటినీ ఒకే పెద్ద గాదెగా చేసి, అందులో కావలసినంత కొలతలో గదులు కట్టుకోవడం. ఏ గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిన చిన్న పట్టీ ఒకటి ప్రతి డిస్కు మొదట్లోనూ ఉంటుంది. ఇక గది లోపల ఏ ఫైలు ఏ మూల ఉందో చెప్పే అమరికని ఫైల్‌సిస్టమ్ అంటాం.

మొదటి డిస్కు టక్ టక్ మంటూ కొట్టుకుని ఆగిపోయింది. దానిమీద ఆశ వదులుకున్నాను. రెండోది నిక్షేపంలా ఉంది. టీచరుగారి గది మొత్తం దానిమీదే ఉందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. దాని పట్టీ దానికి ఉంది కాబట్టి అరగంట పని.

మర్నాడు పదకొండింటికి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరో డీలరుతో మానిటర్ గురించి గొడవ పడుతూ, ఆ రెండో డిస్కుని లినక్స్ మెషీనుకి బదులు పక్కనున్న విండోస్ మెషీనుకి తగిలించాను. దానికి ఈ పట్టీ చదవడం రాదు. ఖాళీ డిస్కు అనుకుని, సిద్ధం చేయమంటారా అని అడిగింది. డీలరుకి సమాధానం చెబుతూ, చేత్తో ఓకే నొక్కేశాను.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. మొదటిరోజు పనిలో చేరినవాడికి కూడా చెప్పే మాట, ముందు కాపీ తీయి, తర్వాతే ముట్టుకో అని. నేనే పదిమందికి చెప్పాను. ఆ ఒక్క నొక్కుతో విండోస్ తన కొత్త పట్టీ రాసి పాతదాన్ని చెరిపేసింది. గదుల్లో సరుకు అలాగే ఉంది. కానీ ఏ గది ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆధారం చచ్చిన మొదటి డిస్కులోనే మిగిలింది.

ఒక గంటసేపు కుర్చీలో అలా కూర్చుండిపోయాను. రెండు డిస్కులూ పోయే వచ్చాయమ్మా అని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చిందనే రాస్తున్నాను, దాచుకోవడం దేనికి. తర్వాత నా మీద నాకే కోపం వచ్చి ఫోను తీశాను.

"అమ్మా, మంచిగా ఉన్న డిస్కుని నేనే పాడుచేశాను. పొరపాటు పూర్తిగా నాది."

"ఇప్పుడేటవుతాది సార్?" అన్నారావిడ. అంతవరకూ నాతో పుస్తకంలా మాట్లాడిన మనిషి.

"తెలీదమ్మా. ప్రయత్నిస్తాను."

"తాతకి ఏటి సెప్పమంటారు?"

ఆవిడ ఫోను పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం ముందు చేయవలసిన పని వెనక చేశాను. డిస్కు మొత్తాన్ని బిట్టు బిట్టూ ఇంకో డిస్కులోకి కాపీ తీసి, అసలుదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత ఫైళ్ళ ఆనవాళ్ళు పట్టి ఏరే సాఫ్ట్‌వేరు నడిపించాను. మర్నాటికి అది గుట్టలుగా ఆడియో ముక్కలు ఏరిపెట్టింది. ఒక్కదానికీ పేరు లేదు, సగం మధ్యలో తెగిపోయాయి, స్థానాలు రాసిన పట్టిక అయితే అసలే దొరకలేదు. ఏ మాట ఏ రాయిదో తెలియనప్పుడు ఆ గుట్టని ఏం చేసుకోవాలి?

ఆ మర్నాడే టీచరుగారు ఎర్రయ్యని వెంటబెట్టుకుని వచ్చారు. తనూ వస్తానని పట్టుబట్టాడట. ఆవిడ భుజం మీద చెయ్యేసి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఎక్కాడు. పీచులాంటి మనిషి, గొంతు మాత్రం గాలికి ఎదురు నిలబడి అరిచిన గొంతు.

"ఏరా గుంటడా, నా రాల్లు పారేసినావంట?"

"పారేశాను తాతా."

"ఎలాగ?"

నాకు అసలే చిరాకు. లాజికల్ వాల్యూము గురించి ఈయనకి ఏం చెప్పను అనుకుని, నోటికొచ్చింది అనేశాను. "నువ్వు ఒడ్డు మీది తాటిచెట్టు చూసి రాయి పట్టుకుంటావు కదా? ఆ తాటిచెట్టు నేను నరికేశాను. అదీ సంగతి."

ఆయన పడీ పడీ నవ్వాడు. "తాడి సెట్టు తుపానుకే కూలిపోనాది బాబూ. నువ్వు నరికీదేటి? కోడలు రాయికి గురుతు అదే. సెట్టు పోతే రాయి ఎక్కడికి పోద్ది? అది ఆడే ఉంటాది. నీకు కానరాదంతే."

"మరి తర్వాత ఎలా పట్టుకున్నావు?"

"అత్తరాయి నాకు తెల్సు. దాని గురుతులు ఏరే, అవి పోనేదు. కోడలు రాయి నుంచి అత్తరాయికి ఎంత దూరమో మా అయ్య సెప్పినాడు. తెలిసిన రాయి కాడికెల్లి, ఆడి నుంచి ఎనక్కి లెక్కెట్టుకొచ్చీసినాను. సీసం గుండు దింపితే పదకొండు బారలకి టంగుమన్నాది. ఆడ నిలబడి కొండా తెల్ల మేడా కొత్త గురుతులు ఎట్టుకున్నాను. ఇంకేటి!"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో వాళ్ళకి అర్థం కాలేదు.

ఫైల్‌సిస్టమ్‌కి సూపర్‌బ్లాక్ అని ఒకటుంటుంది, దాని జాతకమంతా రాసిన పేజీ. అది పోతే మొత్తం పోతుందని, దాని నకళ్ళు కొన్నింటిని గది పొడుగునా లెక్క ప్రకారం దూరదూరంగా పెడతారు. గదిని సమానమైన ముక్కలుగా కొలిచి ఒక్కోదాన్ని గుంపు అంటారు; ప్రతి నకలు మీదా అది ఎన్నో గుంపులో ఉందో నంబరు ఉంటుంది. ఒక్కటి దొరికితే చాలు, ఆ నంబరుని గుంపు పొడవుతో గుణించి వెనక్కి వస్తే గది గుమ్మం దొరుకుతుంది. నాకు తెలియని విషయం కాదిది. రెండు రోజులుగా భయంతో బుర్ర గడ్డకట్టి, పోయిన పట్టీ చుట్టూనే తిరుగుతున్నాను. ముసలాయన తన పని సంగతి చెప్పాడు, నా పని నాకు గుర్తొచ్చింది.

కాపీ డిస్కు మీద ఆ నకళ్ళ గుర్తు కోసం వెతకమని కమాండ్ ఇచ్చాను. టీచరుగారు బల్ల అంచు పట్టుకుని తెర వంక చూస్తున్నారు. చాలాసేపటికి ఒకటి పడింది. ఇరవై ఏడో గుంపు.

"దొరికింది తాతా, అత్తరాయి!"

"మరేటి, ఎనక్కి రా" అన్నాడాయన, పడవ నడిపేవాడికి చెప్పినట్టు.

ఇరవై ఏడు గుంపులు వెనక్కి వచ్చి, అక్కడినుంచి గది మొదలైనట్టు చూపిస్తే, ఫైల్‌సిస్టమ్ తెరుచుకుంది. ఫోల్డర్ల పేర్లు టపటపా వచ్చాయి. అత్తరాయి, పీతల రాయి, ముక్కులేని రాయి. టీచరుగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను గెలిచాననుకుని ఒక ఆడియో తెరిచాను. నాలుగు మాటలు వచ్చి, ఆపైన అంతా గరగర. స్థానాల పట్టిక తెరిస్తే అందులోనూ చెత్తే.

మిగతా నకళ్ళు ఒక్కొక్కటిగా కట్టి చూశాను. ఎనభై ఒకటో గుంపు వరకూ అన్నీ ఒకే గుమ్మాన్ని చూపిస్తున్నాయి. నూట ఇరవై అయిదో గుంపు నుంచి ఇంకో గుమ్మాన్ని చూపిస్తున్నాయి. గదికి రెండు గుమ్మాలు ఉండవు.

"అమ్మా, ఎప్పుడైనా ఇందులో జాగా సరిపోలేదా?"

"అవును సార్. మూడేళ్ళ కిందట నిండిపోతే తమ్ముడు వచ్చి పెంచాడు."

అదీ సంగతి. పక్కన ల్యాబ్ పిల్లల గది ఏదో అడ్డం ఉంటే, దాన్ని దాటి అవతల ఖాళీలో మిగతా సగం కట్టాడు. లాజికల్ వాల్యూమ్ అందుకే కదా ఉన్నది. గది ఒకటే, ముక్కలు రెండు. మొదటి ముక్క ఎక్కడ తెగిందో తెలిస్తే రెండింటినీ అతికించవచ్చు. అది ఎనభై ఒకటికీ నూట ఇరవై అయిదుకీ మధ్య ఎక్కడో ఉంది.

వాళ్ళని పంపించి, ఆ మధ్యలో ఉన్న నలభై పైచిలుకు గుంపుల్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూసుకుంటూ వచ్చాను. ఆ రోజు దుకాణం తలుపు దగ్గరగా వేసి, ఫోను సొరుగులో పడేశాను. మర్నాడు పొద్దున్న కాఫీ వేళకి తెగిన చోటు దొరికింది. మొదటి ముక్క ఇక్కడినుంచి ఇక్కడికి, రెండోది అక్కడినుంచి అక్కడికి అని రెండు లైన్ల పట్టీ చేత్తో రాసి ఇచ్చాను. టీచరుగారి తమ్ముడు మూడేళ్ళ కిందట రెండు ముక్కలుగా కట్టిన గది నా బల్ల మీద మళ్ళీ నిలబడింది. ఫైల్‌సిస్టమ్ పరీక్ష నడిపిస్తే చిన్నాచితకా తప్పులు నాలుగు దిద్ది, శుభ్రంగా ఉందని చెప్పింది. ఒంటరిగానే ఉన్నా గట్టిగా చప్పట్లు కొట్టుకున్నాను. కింద మందుల షాపాయన ఏమైందని పైకి వచ్చి చూసి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చారు. ముందు పట్టిక తెరిచాను. అరవై మూడు వరసలు. టీచరుగారు వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టి, చివరికి వచ్చాక కుర్చీలో కూలబడి ఏడ్చేశారు. తర్వాత కోడలు రాయి ఆడియో పెట్టాను. ఇంజను చప్పుడు, గాలి, ఆ రెండింటినీ మించి ఎర్రయ్య గొంతు. "అదిగో అమ్మా, కొండ మెడ మీదికి తెల్ల మేడ వచ్చీసినాది, కానొస్తందా? నాకు బాగా కానొస్తంది. ఆపీయండి, ఇదే!"

ముసలాయన కళ్ళు మూసుకుని, మెడ కాస్త పక్కకి వంచి విన్నాడు. అయిపోయాక, "ఆ దినం ఎండ శాన బాగున్నాది" అన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. నాలుగుసార్లు పెట్టాను.

జూన్ మొదటి వారంలో టీచరుగారు ప్రతి పడవ జీపీఎస్‌లోనూ అరవై మూడూ ఎక్కించారు. వేట మొదలైన రెండో రోజు ఇద్దరూ మళ్ళీ నా మెట్లెక్కారు. ఎర్రయ్య చేతిలో తడి గోనెసంచి. లోపల మోచేతి పొడుగు వంజరం చేప.

"కోడలు రాయి సేప" అన్నాడు. "మా మనవడు ఏసినాడు వల. ఒక్క కన్ను తెగనేదు. నాకు మా అయ్య దారి సూపినపుడు మొదటి సేప అయ్యకే ఇచ్చినాను. ఇది నీది."

నాకు తీసుకోవడానికి చెయ్యి రాలేదు. "దారి చెరిపేసినవాణ్ణి కూడా నేనే కదా తాతా" అన్నాను.

"సెరిపీసినోల్లు శానామంది ఉంటారు బాబూ. నాను సెరిపీసినానని ఫోను సేసి సెప్పినోడివి నువ్వొక్కడివే. సెప్పబట్టి నాను వచ్చినాను. నేపోతే మా ఇంటికాడే ఏడుస్తా కూకుందును" అన్నాడు, సంచి నా ఒళ్ళో పెడుతూ.

ఆ రోజు నుంచి నా దుకాణంలో ఏ డిస్కు వచ్చినా కాపీ తీసేదాకా ఫోను ముట్టుకోను. అది చేతికి నేర్పుకున్న పాఠం. ఇంకోటి, తప్పు చేస్తే సరిదిద్దే ప్రయత్నానికి ముందే సొంతదారుకి చెప్పేస్తాను. నిజం చెబితే కస్టమరు వెళ్ళిపోతాడని పదిహేనేళ్ళు భయపడ్డాను. చెప్పిన ఒక్కసారికి, చూపులేని మనిషి టీచరుగారి భుజం పట్టుకుని, కావలసిన మాటతో నా మెట్లెక్కి వచ్చాడు.