దేవర పొట్టేలు మెడలో వైర్‌లెస్

ఎనభైల మొదట్లో, ఆదోనిలో పొద్దున ఆరింటి ఎమ్మిగనూరు బస్సు ఎక్కేసరికే నాకు ఒళ్లు మండుతోంది. గోనెగండ్ల దగ్గరి గొర్రెల కాపరి హనుమంతు ముందురోజు నా రేడియో రిపేరు అంగడికి వచ్చి, మంద మొత్తం కనబడడం లేదని ఏడ్చాడు. ఆ మంద తప్ప అతనికి వేరే ఆధారం లేదు, సెంటు భూమి కూడా లేదు. పాత ట్రాన్సిస్టర్ల సామానుతో చిన్న యంత్రం చేసి, తోలు పట్టీకి కుట్టి అంతకుముందే అతనికి ఇచ్చింది నేనే. గొర్రె మెడకు కడితే ఆ యంత్రం కూత జేబు రేడియోలో వినబడుతుంది. రేడియోను అటూఇటూ తిప్పితే దిక్కు తెలుస్తుంది.

ఎమ్మిగనూరులో బస్సు మారాలి. బొరుగుల ఉగ్గాణి, బజ్జీ స్టాండు ఎదుటి బండి దగ్గరే తినండి, బాగుంటాయి. పక్కసీటు ముసలాయన నా రేడియో చూసి, "పాటలు పెట్టప్పా" అన్నాడు. నేను రేడియోను జేబులో పెట్టేసుకున్నాను.

గోనెగండ్లలో హనుమంతు కాచుకుని ఉన్నాడు. పట్టీ దేనికి కట్టావని అడిగాను.

"దేవర పొట్టేలుకన్నా. దేవరకు మొక్కి ఇడిసిన జీవం కదా, దొంగలు కూడా ముట్టరు. పట్టీ బద్రంగా ఉంటాదని."

ఎండలో పొలాల వెంట నడిచాం. పక్క ఊరి పెద్ద రైతు దొడ్డి గోడ దగ్గర రేడియో గట్టిగా కూసింది. ఊరి పెద్దలను పిలిచి వినిపించాం. రైతు తలుపు కొంచెం తెరిచి, పొట్టేలును ఒక్కదాన్నే బయటికి తోలాడు.

"దేవర పొట్టేలు యా ఇంటికైనా వస్తాది. మా ఇంటికొచ్చింది, మా బాగ్యం. మిగతావి నాకేం తెలుసు?"

గోడ వెనక గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి! లోపలికి పోయి చూద్దామని నేను కేకలేశాను.

"పెద్దాయన ఇంట్లో సోదా సేస్తారా?" అన్నాడు పెద్దల్లో ఒకాయన. "దేవరది దాని ఇష్టమొచ్చినట్ల తిరుగుతాది. దాని మెడలోది సాక్ష్యమెట్లయితాది?"

సిగ్గులేని మనుషులు! దేవర పేరుతో ఒకడి బతుకు మింగుతుంటే తలలూపుతూ నిలబడ్డారు. ఠాణాకు పోదామంటే హనుమంతే వద్దన్నాడు. "రేపు ఈడనే కూలికి రావల్ల కదన్నా."

సాయంత్రం బస్సు దగ్గర అతను పట్టీ విప్పి నా చేతిలో పెట్టాడు. "దీనికెందుకన్నా ఇంగ? దేవరది యాడుందో ఊరంతా సెప్తారు."

తిరుగు బస్సులో పట్టీ నా ఒళ్లో ఉంది, రేడియో కూస్తూనే ఉంది. ముందు సీటాయన తిరిగి, "ఏం సప్పుడన్నా అది?" అన్నాడు.

"గొర్రెల మంద" అన్నాను.

"యాడుంది?"

లేచి నిలబడ్డాను. ఆ ఊరి పేరు, ఆ రైతు పేరు బస్సంతా వినేలా చెప్పాను.