గుగ్గిలం అద్దిన చెయ్యి

మా మిల్లు ప్రమాదం గురించి కోవూరు చుట్టుపక్కల అందరూ మాట్లాడారు. ఇన్నేళ్ళలో నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. రెండు వేళ్ళు పోగొట్టుకున్నది నేను.

పదేళ్ళ కిందట ఆ బియ్యం మిల్లులో ఇంజను డ్రైవర్ని. ఆయిలింజను నుంచి వడ్లు ఆడే మరకు పొడవాటి తోలు బెల్టు తిరిగేది. లోడు ఎక్కువైతే జారేది. అప్పుడు గుగ్గిలం అద్దితే పట్టు దొరుకుతుంది. ఇంజను ఆపి అద్దాలి. కాని ఆపితే మళ్ళీ స్టార్టు చెయ్యటానికి ఇంజను పెద్ద చక్రాన్ని నలుగురు పట్టి తిప్పాలి. అందుకే తిరిగే బెల్టుకే అద్దించేవారు.

ఆ రోజు నేను ఆపబోయాను. అరుగు మీంచి మిల్లు యజమాని షావుకారు కేకేశాడు.

"ఆపబాకరా! బయట బండ్లు నిలబడుండాయి. చేతికి గోరింటాకు పెట్టుకున్నావా ఏంది?"

అందరూ నవ్వారు. నేను అద్దాను. బెల్టు అతుకు దగ్గర లేచిన తోలు నా వేళ్ళను చక్రం కిందికి లాక్కుపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మిల్లు ముందు దిష్టి గుమ్మడికాయ కొట్టి ఉంది. "వాడు పరధ్యానం మనిషి" అని షావుకారు ఊరంతా చెప్పాడు. ఎవరైనా జారిపడతారని ఆ ముక్కలు ఎడమచేత్తో పక్కకు తీసింది ఈ పరధ్యానం మనిషే.

పనిలో చేరాక పాత పలకలతో బెల్టుకు అడ్డు కట్టాను. మిల్లు వడ్రంగి సాయిబు సాయం పట్టాడు.

"ఏందన్నా, బెల్టుకి పరదా కడతా ఉండావు, నిఖా గాని చేస్తావా?"

"అవును భాయ్. ఇంక దాని జోలికి ఎవురూ పోకూడదు."

ఇంజను ఆపనిదే గుగ్గిలం ముట్టనని కూడా చెప్పేశాను. షావుకారు తిట్టాడు, రైతులు సణిగారు. ఆపిన ప్రతిసారీ చక్రం దగ్గర ముందు నేనే నిలబడ్డాను, మిగిలిన వేళ్ళతోనే పట్టాను. తర్వాత హమాలీలు పిలవకుండానే వచ్చి పట్టేవారు. పరధ్యానం ఎవరికి ఉండదు? ఇంట్లో బిడ్డకు జ్వరమొస్తే మనసు అక్కడే ఉంటుంది. మనసు ఎటుపోయినా చెయ్యి మిగిలేలా ఉండాలి పనిచేసే చోటు. నేనున్నంత కాలం అక్కడ ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. ఇది నా గొప్పే.

ఆ అడ్డు తానే పెట్టించానని షావుకారు ఇప్పుడు వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడట. చూపించుకోనీ. కాని నాకు అంటించిన ఆ పేరు ఊళ్ళో ఇంకా అలాగే ఉంది. అయ్యా షావుకారూ, మీరు ఇంకా ఆ అరుగు మీదే కూర్చుంటున్నారు, జ్ఞాపకమూ బాగానే ఉంది. ఆపబోయిన నన్ను వద్దన్నది ఎవరు? హమాలీలందరూ వినేలా మీ నోటితో చెప్పండి.