కోటేశ్వరమ్మ గారి తోడు

2022లో నేను మంగళగిరిలో ఒక సూక్ష్మజీవుల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. జీవ ఎరువులు, తెగులు మందులు తయారుచేసేవాళ్లు పంపిన శాంపిళ్లలో బతికున్న బ్యాక్టీరియా ఎంతుందో చెప్పడం మా పని. లెక్క సరిపోతే పాస్. ఆ పద్ధతి మీద నాకు మొదటినుంచీ గురి లేదు. మందలో ఎన్ని గేదెలున్నాయో చెబితే సరిపోతుందా, పాలిచ్చేవెన్నో చెప్పొద్దూ?

వినుకొండ దగ్గరి పల్లె నుంచి కోటేశ్వరమ్మ గారు వచ్చారు. మిరపకు వేరుకుళ్లు రాకుండా వాడే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను ఆవిడ మహిళా సంఘం డ్రమ్ముల్లో పెంచి ఊళ్లో రైతులకు ఇస్తోంది. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడేమో మొక్కలు వడలిపోతున్నాయి. వేరేచోట రెండుసార్లు పరీక్ష చేయిస్తే రెండుసార్లూ పాసైందట. మొదట ఈ బ్యాక్టీరియా విత్తనం ఇచ్చిన సంస్థ మూతపడింది కాబట్టి ఇది పోతే మళ్లీ దొరకదు.

"నా మాట మీద వాడారండి జనం. నాట్లేసే రోజులొచ్చాయి. పనికిరాదంటే చెప్పండి, డ్రమ్ములు కడిగి బోర్లించుకుంటాం" అన్నారు. మాట గట్టిదే గానీ ఆవిడ భయం నాకు తెలుస్తూనే ఉంది.

అగార్ ప్లేట్ అంటే బ్యాక్టీరియాకు మేతగా జెల్లీ పోసిన గుండ్రటి గాజు పళ్లెం. దాని మీద ఒక్కో కణం పెరిగి ఒక్కో చుక్క అవుతుంది. అదే కాలనీ. సూడోమోనాస్ తన చుట్టుపక్కల ఇనుమును లాగేసే ఒక పదార్థం తయారుచేస్తుంది. ఇనుము అందక తెగులు బూజు నీరసపడుతుంది. యూవీ లైటు కింద ఆ పదార్థం లేతపచ్చగా వెలుగుతుంది. చీకటి పెట్టెలో ఫొటో తీసి, ఏ కాలనీ ఎంత వెలుగుతోందో కొలిస్తే, ఏది ఎంత తయారుచేస్తోందో అంచనా కట్టవచ్చు. కెమెరాను ఆటో మోడ్‌లో మాత్రం పెట్టకూడదు. మసకగా ఉన్నదాన్ని కూడా అది మొహమాటానికి పోయి మెరిపించి చూపిస్తుంది.

ఆవిడ శాంపిల్‌ను అలా పెంచి తీసిన ఫొటోను, రెండ్రోజులకు ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు తెర మీద పెట్టాను. ప్లేటు నిండా కాలనీలే. వెలుగుతున్నవి అక్కడొకటి, ఇక్కడొకటి. ప్రతి బ్యాచ్‌కూ విత్తనం ఎక్కడిదని అడిగాను.

"ఎక్కడిదేందండీ? పాత డ్రమ్ములోది ఒక చెంబు పోస్తాం, పెరుగుకు తోడేసినట్టు. మా అత్తగారి తోడు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తానే ఉంది."

నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. ఆ పదార్థం తయారుచేయడం బ్యాక్టీరియాకు శ్రమే. డ్రమ్ములో తిండికి లోటు లేదు గనక, పని ఎగ్గొట్టినవే తొందరగా పెరుగుతాయి. చెంబు చెంబుకూ వాటి వంతు పెరిగిపోయిందని చెప్పాను. మరి పెరుగు చెడిపోలేదుగా అని ఆవిడ వాదించారు.

"పెరుగు రోజూ నోట్లో వేసుకుంటారు. మరీ పులిస్తే పక్కింటికెళ్లి వేరే తోడు తెచ్చుకుంటారు. దీన్నెవరు రుచి చూశారు, కోటేశ్వరమ్మ గారూ?"

ఆవిడ తెర మీద వెలుగుతున్న ఒక చుక్క మీద వేలు పెట్టారు.

"ఆ వెలిగేవి మావేగా? మరి వాటినే తోడెయ్యండి."

అదే చేశాను. అన్నిటికన్నా బాగా వెలిగినదాన్ని సూదితో ఎత్తి, విడిగా పెంచి, మళ్లీ ఫొటో తీశాను. ఈసారి ప్లేటంతా వెలిగింది. కొంత ఫ్రీజర్‌లో దాచి, ప్రతి బ్యాచ్‌కూ అందులోంచే విత్తనం ఇచ్చాను. ఆవిడ పాత డ్రమ్ములు పారబోయించి, ఇంటింటికీ వెళ్లి జరిగింది తనే చెప్పారు. ఆ ఏడు ఆ ఊళ్లో మిరప నిలబడింది.

తలలు లెక్కపెట్టడం వేరు, పని చూడటం వేరు అన్నది నాకు ముందే తెలుసు. చెడిపోయిందని పారబోసే ముందు అందులో వెలిగేది ఒక్కటైనా ఉందేమో వెతకాలన్నది ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ బ్యాచ్ శాంపిల్ పంపిన రెండ్రోజులకే ఫోన్ చేస్తారు. ఎన్ని ఉన్నాయని అడగరు.

"వెలిగాయా మేడం?" అంటారు.